ఆరవ జార్జి చక్రవర్తి – ప్రజల ఆటస్థలాలు

మానవుడు ఈ లోకంలో విడిచిపోదగిన సంతానాన్ని మన పూర్వులు ఏడు విధాలుగా లెక్కించారు. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, పుత్రుడు అనే ఈ సప్తసంతానాలలో కన్నబిడ్డ స్థానం ఒక్కటే. తక్కినవన్నీ కర్త గతించిన తరువాత కూడ నిలిచేవి, పదిమందికీ ఉపకరించేవి. కాకతీయ ప్రభువులు కట్టించిన చెరువులు, కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంలో వెలసిన హుస్సేన్‌సాగరం నేటికీ తమ నిర్మాతలను స్మరింపజేస్తూనే ఉన్నాయి. వారి కిరీటాలు ఏమైనవో ఆరా తీసేవారు అరుదు.

ఈ ఏడింటిలో వనం అనే మాటకు కొంత విస్తృతార్థం కల్పించి, పిల్లలు ఆడుకొనే మైదానాన్ని కూడ అందులో చేర్చుకొన్నట్లయితే, ఇరవయ్యో శతాబ్దంలో ఆ సంతానాన్ని విశేషంగా పెంచిన రాజు ఒకరు మనకు కనిపిస్తారు. ఆయన ఇంగ్లండును 1936 నుండి 1952 వరకు పాలించిన ఆరవ జార్జి. ఆయన పేరు వినగానే రెండవ ప్రపంచయుద్ధం, భారతదేశ స్వాతంత్ర్యం, ఆయనను జీవితాంతం బాధించిన నత్తి స్ఫురణకు వస్తాయి. ఆటస్థలాల రక్షణకు ఆయన ఇచ్చిన చేయూతను గురించి చరిత్ర గ్రంథాలు ఒకటి రెండు వాక్యాలతో సరిపుచ్చుతాయి. విద్యార్థులకు, విద్యాసంస్థలను నడిపే పెద్దలకు ఆయన జీవితంలో ఎక్కువ ఉపయోగపడే భాగం మాత్రం అదే.

బాల్యము

జార్జి అసలు పేరు ఆల్బర్టు. 1895 డిసెంబరు 14వ తేదీన శాండ్రింగ్‌హామ్‌లో అతడు జన్మించాడు. సరిగా 34 సంవత్సరాల క్రితం అదే తేదీన విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు మరణించి ఉండడం చేత రాజకుటుంబానికి అది సంతాపదినం. ముత్తవ్వ అయిన రాణిని ఊరడించడానికి శిశువుకు ఆ పేరే పెట్టారు. తండ్రి ఆనాటికి యువరాజు కుమారుడు. తరువాత అయిదవ జార్జి చక్రవర్తి అయ్యాడు. ఆల్బర్టు రెండవ కుమారుడు. సింహాసనం అన్న ఎడ్వర్డుది కనుక ఈ బాలునిపై ఎవరికీ పెద్ద ఆశలు లేవు.

బాల్యం సుఖంగా గడవలేదు. తండ్రి కఠినశిక్షణ నమ్మినవాడు. బాలునిది ఎడమచేతివాటం, కుడిచేతితోనే వ్రాయాలని బలవంతపెట్టారు. మోకాళ్లు లోపలికి వంగి ఉన్నందున కాళ్లకు బద్దలు కట్టి గంటల తరబడి ఉంచేవారు. కడుపునొప్పి తరచు బాధించేది. ఎనిమిదేళ్ల ప్రాయంలో నత్తి పట్టుకొన్నది. అన్నగారు చలాకీగా మాట్లాడుతూ నలుగురినీ ఆకట్టుకొంటుంటే తమ్ముడు ఒక మూలకు ఒదిగి ఉండేవాడు. 1909లో ఆస్‌బర్న్ నావికా కళాశాలలో చేర్చారు. అక్కడి చివరి పరీక్షలో 68 మంది విద్యార్థులలో అతడు 68వ స్థానంలో వచ్చాడు. పరీక్షలో వెనుకబడిన వారిని ఇక దేనికీ పనికిరారని తేల్చివేసేవారు ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది.

అతనికి కొంత ఊరట కలిగించినది ఆట. మైదానంలో మాట్లాడవలసిన అవసరం తక్కువ. అక్కడ ఎడమచేతివాటాన్ని ఎవరూ తప్పుపట్టరు. టెన్నిసులో అతడు ఎడమచేతితోనే ఆడేవాడు. పెద్దవాడైన తరువాత, 1926లో, వింబుల్డన్ డబుల్సు పోటీలో కూడ పాల్గొన్నాడు. మొదటి పోటీలోనే ఓడిపోయిన మాట నిజమే. రాజకుమారుడు సామాన్య క్రీడాకారులతో సమానంగా బరిలో దిగి ఓడిపోవడం ఆనాటి వారికి కొత్త.

యుద్ధము – కార్మికలోకం

మొదటి ప్రపంచయుద్ధంలో ఆల్బర్టు నౌకాదళంలో పనిచేశాడు. 1916 మే 31వ తేదీన జట్లాండ్ నౌకాయుద్ధం జరిగినప్పుడు కాలింగ్‌వుడ్ అనే యుద్ధనౌక ఫిరంగి బురుజులో ఉన్నాడు. అప్పటికి అతనికి 20 సంవత్సరాలు. జబ్బుపడి ఉన్నవాడు పడకమీదినుండి లేచి తన స్థానానికి పరుగెత్తాడు. ప్రేగుపుండు ముదరడం వల్ల 1917లో శస్త్రచికిత్స అవసరమైనది. కోలుకొన్న తరువాత విమానదళంలో చేరి 1919లో విమానచోదకుడుగా అర్హత సంపాదించాడు. ఆ పిమ్మట కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ఒక సంవత్సరం పాటు చరిత్ర, అర్థశాస్త్రం చదివాడు. 1920లో తండ్రి అతనికి యార్కు డ్యూకు బిరుదు ప్రసాదించాడు.

పెద్ద కుమారునికి దేశదేశాల పర్యటనలు, సన్మానాలు ఉండగా, రెండవ కుమారునికి ఏ పని అప్పగించాలన్నది రాజకుటుంబం ముందున్న ప్రశ్న. కర్మాగారాలలో కార్మికుల క్షేమం కొరకు ఏర్పడిన ఒక సంఘం తనకు అధ్యక్షుడుగా ఉండవలసినదని డ్యూకును కోరింది. ఆయన అంగీకరించారు. పేరుకు మాత్రమే అధ్యక్షుడుగా ఉండడానికి ఇష్టపడక బొగ్గుగనులలోకి, ఉక్కు ఫ్యాక్టరీలలోకి, రేవులలోకి స్వయంగా వెళ్లి చూశారు. తన రాకకోసం ముందుగా అలంకరణలు, స్వాగతసభలు ఏర్పాటు చేయవద్దని కోరేవారు. యంత్రాలు నడిపే విధం కూడ కొంత నేర్చుకొన్నారు. ఇట్లా తిరుగుతున్నప్పుడు ఆయన కంటబడినదేమంటే, ఇంగ్లండులో రెండు జాతులు ఒకదానినొకటి ఎరుగకుండా బ్రతుకుతున్నవి. ఒకరు ధనికుల పిల్లలు. విశాలమైన పచ్చిక మైదానాలు గల ఖరీదైన పాఠశాలలలో చదివేవారు. వేరొకరు కార్మికుల పిల్లలు. పద్నాలుగో యేటనే ఫ్యాక్టరీలో అడుగుపెట్టి, సాయంత్రం ఇరుకు వీధులలోనే ఆడుకొనేవారు.

ఈ రెండు వర్గాలనూ కలపడానికి డ్యూకు 1921లో ఒక శిబిరం ఏర్పాటు చేశారు. నూరు పాఠశాలల నుండి ఇద్దరిద్దరు, నూరు కర్మాగారాల నుండి ఇద్దరిద్దరు చొప్పున మొత్తం 400 మంది యువకులు కెంటు ప్రాంతపు సముద్రతీరంలోని న్యూ రామ్నీలో ఒక వారం రోజులు కలిసి ఉండేవారు. ఎవరు ఏ వర్గంవారో తెలియకుండా జట్లుగా విడదీసి ఆటలు ఆడించేవారు. డ్యూకు ప్రతి సంవత్సరం ఒకరోజు అక్కడికి వెళ్లి, పొట్టి లాగు తొడుక్కొని, కుర్రవాళ్లతో కలిసి చేతులు ఆడిస్తూ అభినయగీతాలు పాడేవారు. శిబిరం తరువాత సౌత్‌వోల్డుకు మారింది. యుద్ధం వచ్చేవరకు, అంటే 1939 వరకు, ఈ ఆనవాయితీ సాగింది. 1939 నాటి చివరి శిబిరం రాజుగారి వేసవి విడిది బాల్మోరల్ సమీపంలోనే జరిగింది.

దీనిపై విమర్శలు లేకపోలేదు. వారం రోజులు కలిసి ఆడినంత మాత్రాన వర్గభేదాలు తొలగిపోవు. శిబిరం ముగియగానే ధనికుని కొడుకు తన మైదానానికీ, కార్మికుని కొడుకు తన ఇరుకు సందుకూ వెళ్లిపోయేవారు. ఈ విమర్శలో సత్యం ఉన్నది. వారానికి మైదానం చూపించడం వేరు, ఏడాదికంతటికీ మైదానం కల్పించడం వేరు. ఆ రెండవ పనికి సందర్భం 1925లో వచ్చింది.

ఆటస్థలాల సంఘం

ఆనాటి పరిస్థితిని కొంచెం వివరించవలసి ఉన్నది. యుద్ధకాలంలో సైన్యంలో చేరవచ్చిన యువకులను వైద్యులు పరీక్షించినప్పుడు పారిశ్రామిక నగరాల వారిలో ఎందరో శారీరకంగా బలహీనులని తేలింది. యుద్ధం ముగిసిన తరువాత ఇండ్ల నిర్మాణం ముమ్మరమైనది. రెండు ప్రపంచయుద్ధాల నడిమికాలంలో బ్రిటనులో సుమారు 40 లక్షల ఇండ్లు లేచాయి. ఇండ్లు కావలసినవే. అయితే పట్టణపు అంచులలో పిల్లలు బంతి ఆడుకొనే పొలాలు, బీళ్లు వరుసగా ఆ ఇండ్లక్రింద కలిసిపోయినవి. అంతవరకు పిల్లలకు ఆటస్థలంగా ఉన్న వీధులను మోటారు వాహనాలు ఆక్రమించుకొన్నవి. ఖాళీ స్థలానికి యజమాని ఉంటాడు, ధర ఉంటుంది. ఆడుకొనే పిల్లవానికి ఆ రెండూ ఉండవు. కనుక ప్రతి బేరంలోనూ ఓడిపోయేది వాడే.

ఈ అన్యాయాన్ని గుర్తించి పూనుకొన్నవాడు బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ కెంటిష్ అనే సైనికాధికారి. ఆయన కృషి ఫలితంగా నేషనల్ ప్లేయింగ్ ఫీల్డ్స్ అసోసియేషన్, అంటే జాతీయ క్రీడాస్థలాల సంఘం, ఏర్పడింది. 1925 జూలై 8వ తేదీన లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో ప్రారంభసభ జరిగింది. యార్కు డ్యూకు ఆ సంఘానికి ప్రథమాధ్యక్షుడు.

ఆ సభలో డ్యూకు మాట్లాడవలసి ఉన్నది. విశాలమైన ఆ భవనంలో వేలమంది ఎదుట నిలబడి మాట్లాడడం నత్తి ఉన్నవానికి ఎంత శిక్షయో ఊహించుకోవచ్చు. అదే సంవత్సరం అక్టోబరు 31వ తేదీన వెంబ్లీలో సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో ఆయన ఉపన్యాసం ఆగి ఆగి సాగి, విన్నవారికి కూడ బాధ కలిగించింది. లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా దేశపు వాక్శిక్షకుని సహాయం ఆయనకు 1926 అక్టోబరులో గాని లభించలేదు. కనుక క్రీడాస్థలాల సంఘం కొరకు ఆయన మొదట నోరు విప్పినది లోగ్ శిక్షణ లేని రోజులలోనే. తనకు అత్యంత కష్టమైన పనిని ఎదుటివారి బిడ్డల ఆటకొరకు చేయడానికి ఆయన వెనుదీయలేదు. ఆ తరువాత కూడ సంఘం పక్షాన సభలకు, మైదానాల ప్రారంభోత్సవాలకు వెళుతూ వచ్చారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టపరచాలి. బ్రిటిషు రాజ్యాంగం ప్రకారం రాజకుటుంబీకులకు శాసనం చేసే అధికారం లేదు. ఖజానా నుండి స్వేచ్ఛగా ధనం ఇచ్చే వీలూ లేదు. మైదానాలు సేకరించినవి పురపాలక సంఘాలు, గ్రామసభలు, భూదాతలు, చందాదారులు. అధ్యక్షుడైన డ్యూకు ఇవ్వగలిగినది తన పేరు, తన సమయం. ఆ రెండింటివల్ల జరిగిన ప్రయోజనం సామాన్యం కాదు. రాజకుమారుడు అధ్యక్షుడుగా ఉన్న సంఘం లేఖ వ్రాస్తే ఏ నగరపాలకుడూ దానిని బుట్టలో పారవేయలేడు. ఆయన ప్రారంభించిన మైదానం మరునాడు పత్రికలో బొమ్మతో సహా కనిపిస్తుంది. ప్రక్క ఊరివారు తమకూ అటువంటిది కావాలంటారు. పిల్లల ఆటను ఒక వినోదంగా గాక, ఊరికి మంచినీరు వలె, వెలుతురు వలె అవసరమైన సదుపాయంగా పెద్దలు ఆలోచించడం ఆరంభించారు. సంఘం ఒక కొలమానాన్ని కూడ ప్రచారంలోకి తెచ్చింది. అది క్రమంగా ప్రతి వేయిమంది జనాభాకు 6 ఎకరాల ఆటస్థలం ఉండాలనే సూత్రంగా స్థిరపడి, నగర నిర్మాణ ప్రణాళికలు తయారుచేసే వారికి చాలాకాలం మార్గదర్శకమైనది.

తండ్రి జ్ఞాపకార్థం

1936 జనవరి 20వ తేదీన అయిదవ జార్జి మరణించాడు. ఆయన పేరిట ఏ స్మారకం నెలకొల్పాలన్న ప్రశ్న బయలుదేరింది. లండను నగరాధ్యక్షుడైన సర్ పెర్సీ విన్సెంట్ నాయకత్వాన ఒక సంఘం ఆలోచించి రెండు నిర్ణయాలు చేసింది. మొదటిది రాజధానిలో ఒక విగ్రహం. రెండవది దేశమంతటా ప్రజలకు ఉపయోగపడే ఒక ధర్మకార్యం. ఆ ధర్మకార్యంగా ఎన్నుకొన్నది ఆటస్థలాలను. దానికొరకు 1936 నవంబరులో కింగ్ జార్జెస్ ఫీల్డ్స్ ఫౌండేషన్ అనే ధర్మసంస్థ ఏర్పడింది.

అది ఏర్పడిన కొద్ది వారాలకే రాజకుటుంబంలో తుపాను రేగింది. కొత్త రాజు ఎడ్వర్డు తాను వరించిన స్త్రీని వివాహమాడడానికై డిసెంబరు 11వ తేదీన సింహాసనం త్యజించాడు. ఎన్నడూ రాజునౌతానని అనుకోని యార్కు డ్యూకు ఆరవ జార్జి అనే పేరుతో రాజయ్యారు. తండ్రి పేరును స్వీకరించడంలో రాజ్యం నిలకడగా ఉన్నదని ప్రజలకు నమ్మకం కలిగించే ఉద్దేశం ఉన్నది. ఆ విధంగా తండ్రి స్మారకంగా ఆటస్థలాలు వెలసే కాలానికి, ఆటస్థలాల సంఘానికి తొలి అధ్యక్షుడైన కుమారుడే సింహాసనంపై ఉండడం తటస్థించింది.

ఈ ధర్మసంస్థ పనిచేసిన పద్ధతి గమనింపదగినది. స్మారకనిధి ప్రజల చందాలతో సమకూడినది. సంస్థ తానై భూములు కొని తన చేతిలో ఉంచుకోలేదు. మైదానం కావాలనుకొన్న ఊరు ముందుకు రావాలి. స్థలం చూపించాలి. ఖర్చులో కొంత భాగాన్ని తాను భరించాలి. తక్కినదానికి సంస్థ విరాళమిచ్చేది. దానికి బదులుగా ఆ ఊరు ఒక దస్తావేజు వ్రాసి ఇవ్వాలి. ఆ స్థలం శాశ్వతంగా ప్రజల ఆటపాటలకే వినియోగపడుతుందని, వేరొక ప్రయోజనానికి మళ్లించబోమని అందులో ఒప్పుకోవాలి. మైదానానికి కింగ్ జార్జి పేరు పెట్టాలి. ప్రవేశద్వారం రెండు ప్రక్కలా సింహం, ఏకశృంగాశ్వం చెక్కిన ఫలకాలు అమర్చాలి. ఇంగ్లండులో సింహం ఎడమవైపు ఉంటే, స్కాట్లండులో అక్కడి రాజచిహ్నమైన ఏకశృంగాశ్వానికి ఆ స్థానం ఇచ్చారు.

మనదేశపు పరిభాషలో చెప్పాలంటే ఇది వక్ఫు చేసిన ఆస్తివంటిది, దేవాలయానికి వ్రాసిన మాన్యం వంటిది. ఒకసారి ధర్మానికి అంకితం చేసిన తరువాత దానిని అమ్మడానికి గాని, వారసులు పంచుకోవడానికి గాని వీలులేదు. నిర్వహణ స్థానికులదే; గడ్డి కోయించేది, గోలుస్తంభాలు పాతించేది, హద్దులు చూచుకొనేది వారే. భూమి స్వభావాన్ని మార్చే స్వాతంత్ర్యం మాత్రం వారికి లేదు. ఈ నిబంధనలో ఎంత దూరదృష్టి ఉన్నదో తరువాతి కాలం నిరూపించింది. ఉత్సాహవంతులైన పెద్దలున్న తరంలో మైదానం సంపాదించడం సులభం. ధనానికి కటకటలాడే తరం వచ్చినప్పుడు దానిని నిలుపుకోవడమే కష్టం. అంకితపత్రం రెండవ తరాన్ని ఉద్దేశించి మొదటి తరం వ్రాసిపెట్టిన కట్టడి.

ఈ పథకం క్రింద యునైటెడ్ కింగ్‌డంలో మొత్తం 471 మైదానాలు ఏర్పడినవి. వాటిలో పెద్ద నగరాల నడుమ ఉన్నవి కలవు, చిన్న పల్లెలలో చర్చి ప్రక్కన ఉన్నవీ కలవు. పని పూర్తి అయినదని భావించి 1965లో ఫౌండేషన్‌ను మూసివేసి, ధర్మకర్తృత్వాన్ని జాతీయ క్రీడాస్థలాల సంఘానికి అప్పగించారు.

యుద్ధకాలము

1939లో యుద్ధం మొదలు కావడంతో మైదానాలకు గడ్డురోజులు వచ్చాయి. ఆహారం కొరకు ఎన్నో ఆటస్థలాలను దున్ని కూరగాయలు, బంగాళాదుంపలు పండించారు. కొన్నిటిలో కందకాలు తవ్వారు. విమానాలను అడ్డగించే బెలూన్లు కొన్నిటిలో నిలిచాయి. దేశం ప్రాణాపాయంలో ఉన్నప్పుడు ఇందుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రాజదంపతులు లండనును విడిచిపోలేదు. 1940 సెప్టెంబరు 13వ తేదీన బకింగ్‌హామ్ భవనంపై బాంబులు పడినప్పుడు రాజదంపతులు అక్కడే ఉన్నారు. మాటకు తడబడే రాజు రేడియోలో ప్రజలకు ధైర్యం చెప్పారు.

యుద్ధం ముగిసిన తరువాత తిరిగి పచ్చిక మొలిపించడానికి సంవత్సరాలు పట్టింది. ఇండ్లు కూలిన లక్షలాది జనానికి వెంటనే గృహాలు కావలసి వచ్చినప్పుడు, ఖాళీగా కనిపించే ప్రతి మైదానం మీదా అధికారుల దృష్టి పడడం సహజం. అంకితపత్రం ఉన్నచోట ఆ దృష్టికి అడ్డుకట్ట పడింది. లేనిచోట మైదానం దయాదాక్షిణ్యాలపై ఆధారపడవలసి వచ్చింది.

అవిశ్రాంత శ్రమ, విడువని పొగత్రాగుడు రాజుగారి ఆరోగ్యాన్ని క్రుంగదీశాయి. 1951 సెప్టెంబరులో ఒక ఊపిరితిత్తిని తొలగించారు. 1952 ఫిబ్రవరి 6వ తేదీ తెల్లవారుజామున శాండ్రింగ్‌హామ్‌లో నిద్రలోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.

ఆటస్థలాల సంఘం బాధ్యత ఆయనతో ఆగిపోలేదు. ఆయన అల్లుడైన ఫిలిప్ 1940ల చివర అధ్యక్షపదవి స్వీకరించి 2013 వరకు, ఆరు దశాబ్దాలకు పైగా, నిర్వహించారు. ఆ తరువాత మునిమనుమడు విలియం ఆ పదవికి వచ్చాడు. 2007 నుండి సంఘం ఫీల్డ్స్ ఇన్ ట్రస్ట్ అనే పేరుతో పనిచేస్తున్నది. 2012లో రెండవ ఎలిజబెత్ రాణి పాలనకు 60 సంవత్సరాలు నిండిన సందర్భంలో ఆమె పేరిట కూడ మైదానాలను అంకితం చేయించారు. రాజకుటుంబం ఇంత శ్రద్ధ చూపినా ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో బ్రిటనులో ఎన్నో పాఠశాలల మైదానాలు అమ్ముడుపోయినవి. రాజు పేరు మాత్రమే ఉంటే చాలదు, చట్టబద్ధమైన రక్షణ ఉండితీరాలని అక్కడివారు అనుభవపూర్వకంగా తెలుసుకొన్నారు. 1998 నాటి ఒక చట్టం పాఠశాలల ఆటస్థలాల అమ్మకానికి ప్రభుత్వానుమతి తప్పనిసరి చేసింది.

మన దృష్టిలో

ఆరవ జార్జి మనకు పరాయిపాలకుడు. 1936 నుండి 1947 వరకు భారత చక్రవర్తి అనిపించుకొన్నా ఆయన చక్రవర్తిగా ఈ గడ్డపై అడుగుపెట్టలేదు. ఇక్కడ జరపదలచిన దర్బారు జరగనేలేదు. 1942లో ఆయన ప్రభుత్వమే మన నాయకులను చెరసాలలలో నిర్బంధించింది. 1943లో బెంగాలు కరువులో లక్షలాది ప్రజలు ప్రాణాలు విడిచారు. ఇంగ్లండు పిల్లల ఆటకై తపించిన ఆ రాజరికపు నీడలోనే మన పిల్లలు అన్నానికి అల్లాడారు. ఈ చేదునిజాన్ని మరుగుపరచి ఆయనను కీర్తించడం చరిత్రకు ద్రోహమే అవుతుంది. 1948 జూన్‌లో ఆయన భారత చక్రవర్తి బిరుదును వదులుకొన్నారు. 1950 జనవరి 26తో మన రాజ్యాంగంలో ఆయనకు స్థానం లేకపోయింది.

అయినను మంచిని ఎక్కడినుండియైనా గ్రహించడం విజ్ఞుల లక్షణం. ఈ కథలోని తండ్రీకొడుకుల స్మారకాలను మనదేశంలో వారి గుర్తులతో పోల్చి చూస్తే ఒక పాఠం దొరుకుతుంది. ఢిల్లీలో ఇండియా గేటు సమీపంలో రాతి మంటపం క్రింద అయిదవ జార్జి విగ్రహం ఉండేది. స్వతంత్రదేశంలో దానికి తావులేదని 1968లో తొలగించి, నగరపు అంచున, 1911లో ఆయన దర్బారు జరిపిన స్థలానికి చేర్చారు. 2022లో ఆ మంటపం క్రింద నేతాజీ సుభాస్ చంద్రబోసు విగ్రహం వెలసింది. ఇది న్యాయమే. అదే రాజు పేరుతో విశాఖపట్నంలో 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి మాత్రం నేటికీ ఉత్తరాంధ్ర పేదలకు దిక్కుగా ఉన్నది. దాని పేరు ప్రజల నోట కె.జి.హెచ్. అయి నిలిచిపోయింది. విగ్రహాన్ని రాజ్యం నిలబెడుతుంది, రాజ్యం పోతే అదీ పోతుంది. ప్రజలకు పనికివచ్చినదానిని ప్రజలే కాపాడుకొంటారు. లండనులో అయిదవ జార్జి విగ్రహాన్ని కుమారుడే 1947లో ఆవిష్కరించారు; దానిని దారినపోయేవారు చూచి సాగిపోతారు. ఆ 471 మైదానాలలోనో, ప్రతి సాయంత్రమూ బంతి వెంట పరుగెత్తే పిల్లలున్నారు. ద్వారం మీది సింహం ఏ రాజుదో వారికి తెలియకపోవచ్చు. తెలియవలసిన అవసరమూ లేదు.

మన పట్టణాలలోనూ నేడు అదే పోరాటం సాగుతున్నది. నిన్న క్రికెట్టు ఆడిన ఖాళీ స్థలంలో నేడు అంతస్తులు లేస్తున్నవి. చెరువు శిఖం భూములు, ఊరుమ్మడి బీళ్లు, పాఠశాలల ఆవరణలు కొంచెం కొంచెంగా తరిగిపోతున్నవి. మనకు చట్టపు అండ లేకపోలేదు. బెంగుళూరులో ఉద్యానవనానికై కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు ఆ ప్రాంతవాసులు న్యాయస్థానానికి వెళ్లారు. ప్రజల ఉద్యానానికై ఉద్దేశించిన స్థలాన్ని అట్లా మళ్లించడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు తెచ్చినవారు రాజులు కారు, మంత్రులు కారు. ఆ వీధిలో నివసించే పౌరులు.

రాజులు లేని మన ప్రజాస్వామ్యంలో పోషకత్వం వహించవలసినది పౌరులే. విద్యాసంస్థల విషయంలో ఆ బాధ్యత ముందుగా నిర్వాహకసంఘాలది. ఒక కళాశాలకు మైదానం ఉన్నదంటే దాని సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. హద్దురాళ్లు కాగితం మీదనేగాక నేలమీద కూడ కనిపించాలి. కొత్త గదులు కట్టవలసి వచ్చినప్పుడు మొదట చేయి వేసేది మైదానం మీద కాకూడదు. తప్పనిసరి అయితే అంత స్థలాన్ని వేరొకచోట చూపించాలి. ఆటస్థలం విద్యార్థులకే ఉద్దేశించినదని సంఘం ఒక తీర్మానం వ్రాసి ఉంచుకొంటే, రేపు సభ్యులు మారినా ఆ మాట మారదు. విద్యార్థుల బాధ్యత కూడ స్వల్పం కాదు. వాడని మైదానం బీడుగా కనిపిస్తుంది. బీడు ఎప్పుడూ ఎవరో ఒకరి కంటబడుతుంది. సాయంకాలం నలుగురు ఆడుతూ ఉన్న స్థలాన్ని ఆక్రమించడానికి ఎంతటివాడైనా జంకుతాడు.

పరీక్షలో చిట్టచివర నిలిచి, మాట తడబడి, సింహాసనం కోరకుండానే అధిష్ఠించిన ఒక మనిషి తనకు కష్టమైన ఉపన్యాసాన్ని పిల్లల ఆటకోసం చేశాడు. సామ్రాజ్యం గతించింది. ఆయన పేరు అండగా నిలిచిన ఉద్యమం మాత్రం, దస్తావేజు బలం తోడై, నేటికీ పచ్చగా నిలిచి ఉన్నది. మన చేతిలో ఉన్న కొద్దిపాటి మైదానాన్ని ఒక్క గజమైనా తగ్గకుండా రాబోయే విద్యార్థులకు అప్పగించగలిగితే, సప్తసంతానాలలో ఒకదాని ఫలం మనకూ దక్కుతుంది.